పలకని పంతుళ్లు

టక్.

చదువుతున్న పిల్లవాడు చటుక్కున ఆగిపోతాడు. పంతులు చూపు ఇంకో బల్ల మీదికి మళ్లుతుంది. అక్కడి కుర్రాడు అందుకుంటాడు. రెండు వాక్యాలు గడిచాయో లేదో, టక్‌టక్. ఎక్కడో ఓ అక్షరం దొర్లింది, ఆ మాట మళ్లీ చదవాలి. తప్పేదో తెలియక కుర్రాడు తడబడితే టక్‌టక్‌టక్. ఇంకా వెనక్కి వెళ్లమని దానర్థం. తప్పు పలికిన మాట దొరికేదాకా ఆ చప్పుడు వదలదు. ఇంత జరిగినా పంతులు పెదవి మాత్రం కదపడు.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులోని పేదపిల్లల బళ్లలో పాఠం ఇలా నడిచేది. చెప్పేవాళ్లు కథోలిక బ్రదర్లు. చేతిలో ఇమిడే ఓ చిన్న పనిముట్టు, పేరు 'సిగ్నల్'. తర్వాతి కాలపు నమూనాల్లో ఓ చెక్క పిడి, దానికి బిగించిన పుల్ల కనిపిస్తాయి. వేలితో నొక్కి వదిలితే టక్కుమంటుంది. మన హరిదాసు చిడతలు పాటకు తాళం వేస్తాయి. ఈ చిడత ఏకంగా మాటకే బదులు. దానికి తోడు సైగలు కూడా ఉండేవి. పంతులు చేతులు జోడిస్తే జపం మొదలుపెట్టాలి, సిలువ గుర్తు వేసుకుంటే సత్యోపదేశం అప్పజెప్పాలి, రొమ్ము తట్టుకుంటే పూజలో చెప్పే జవాబులు వల్లించాలి. ఏ సైగకు ఏం చేయాలో 1706 నాటి చేతిరాత ప్రతిలో వివరంగా రాసిపెట్టారు. 1720లో అవిన్యోలో అచ్చయిన ఆ పుస్తకం పేరు 'బడుల నిర్వహణ'.

నవ్వొచ్చే సంగతే. గొంతు చించుకోనిదే బడి నడవదనుకునే మనకు మరీను. కానీ దీని వెనక ఓ లెక్క ఉంది. ఒక్క గది, అందులో అరవై మందో ఇంకా ఎక్కువమందో పిల్లలు. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. ఆ బ్రదర్ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ధ్యానం చేసుకుని వచ్చినవాడు. తిండీ అంతంతమాత్రమే. తొలితరం బ్రదర్లలో చాలామంది చిన్న వయసులోనే పోయారు. ఊపిరి దాచుకోవడం వాళ్లకు బతుకు అవసరం. పైగా పంతులు నోరు మూసుకుంటే పిల్లల గొంతే గదిలో వినిపిస్తుంది, ఎవరు ఎక్కడ తప్పారో తేలిగ్గా పట్టుబడుతుంది. మన బళ్లలో పంతులు గొంతు ఎంత, పిల్లల గొంతు ఎంత అని ఎవరైనా గడియారం పెట్టి చూస్తే ఆ చెక్కముక్క మీద గౌరవం పెరగకపోదు.

ఇంతకీ ఎవరీ బ్రదర్లు?

తెలుగునాట ఈ ప్రశ్నకు జవాబు తికమకగానే వస్తుంది. ఫాదర్ అంటే తెలుసు, సిస్టర్ అంటే తెలుసు. బ్రదర్ అనగానే 'ఇంకా ఫాదర్ కాని మనిషి' అనుకుంటారు. సెమినరీలో గురుపట్టం కోసం చదువుకుంటున్న కుర్రాళ్లనూ బ్రదర్ అనే పిలవడంతో ఈ పొరపాటు గట్టిపడింది. బ్రదర్ల బడిలో ముప్పై ఏళ్లుగా హెడ్మాస్టరు గిరీ వెలగబెట్టిన పెద్దమనిషిని పట్టుకుని "ఇంకా ఎన్నేళ్లకు ఫాదర్ అవుతారు బ్రదర్?" అని అడగ్గలిగేవాళ్లు మనలో కొల్లలు. ఆయన ఎన్నటికీ ఫాదర్ కారు. కాకూడదనే తీర్మానించుకున్నారు. పూజ చేయరు, పాపసంకీర్తనం వినరు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అన్న మూడు వ్రతాలతో తోటి బ్రదర్లతో కలిసి ఒకే ఇంట్లో ఉంటారు, బళ్లో పనిచేస్తారు.

మన కథోలిక తెలుగులో ఇంకో తమాషా ఉంది. పూజ చేసే ఫాదర్‌ను 'గురువు' అంటారు. ఆయన అభిషేకం గురుపట్టాభిషేకం, ఆయన పర్యవేక్షణలో ఉండేది విచారణ, ఆయన విచారణ గురువు. పొద్దస్తమానం పలకలు, పుస్తకాలు, ఎక్కాల మధ్య బతికే బ్రదర్‌కు మాత్రం ఆ మాట దక్కలేదు. అసలు గురువు అన్నయ్యగానే మిగిలిపోయాడు. అయితే ఆ ఏర్పాటు చేసిన మనిషి కోరుకున్నదీ అచ్చంగా అదే.

ఆయన పేరు జాన్ బాప్టిస్ట్ ద లసాల్. 1651లో ఫ్రాన్సులోని రాన్స్ నగరంలో కలిగినవాళ్ల ఇంట పుట్టాడు. పదహారో ఏడు నిండకముందే అక్కడి కెథడ్రల్‌లో కానన్ పదవి వచ్చింది. ఆదాయానికి ఆదాయం, హోదాకు హోదా. 1678లో గురుపట్టం, 1680లో దైవశాస్త్రంలో డాక్టరేటు. పేదపిల్లలకు బళ్లు పెట్టాలన్న ఊహ కూడా ఆయనకు లేదు.

1679లో ఓ రోజు రాన్స్‌లోని మఠకన్యల ఇంటి గుమ్మం దగ్గర ఆయనకు ఓ యాభై దాటిన మనిషి తగిలాడు. పేరు ఆద్రియన్ నీల్, గృహస్థుడు. వెంట పద్నాలుగేళ్ల కుర్రాడు. రూయెన్ నుంచి ఓ ధనిక వితంతువు పంపగా, రాన్స్‌లో పేద మగపిల్లలకు ధర్మబడి పెట్టాలని వచ్చాడు. ఊరికి కొత్త, కాస్త సాయం కావాలి. లసాల్ తన ఇంట్లో బస ఇచ్చాడు. కథంతా ఆ ఒక్క మొహమాటంతో మొదలైంది.

నీల్‌ది బళ్లు తెరిచే ఉత్సాహం. ఒకటి తెరిచి రెండోదానికి పరిగెత్తేవాడు. తెరిచిన బళ్లలో పంతుళ్లను చూసుకునే దిక్కు లేదు. ఆ రోజుల్లో పేదబడి పంతులంటే వేరే పనికి కొరగానివాడని లెక్క. చదువు అరకొర, మర్యాద అంతకన్నా తక్కువ. లసాల్ మొదట వాళ్లకు అద్దె ఇల్లు చూపించాడు. తర్వాత భోజనానికి తన ఇంటికి పిలిచాడు. 1681లో ఏకంగా ఇంట్లోనే పెట్టుకున్నాడు. చుట్టాలు మండిపడ్డారు. తమ్ముళ్లను ఆయన దగ్గర్నుంచి తీసుకుపోయారు. ఆయన మనసులో మాత్రం వేరే ఉన్నదా? తన నౌకరు కన్నా తక్కువవాళ్లుగా ఆ పంతుళ్లను చూసేవాణ్నని తర్వాతి రోజుల్లో ఆయనే దాచకుండా రాసుకున్నాడు. ఈ దారి చివరికి వాళ్లతో కలిసి బతకడం దాకా పోతుందని ముందే తెలిస్తే మొదట్లోనే వదిలేసేవాణ్ననీ రాశాడు. పునీతుల చరిత్రల్లో ఇంత నిజాయితీ అరుదుగా కనిపిస్తుంది.

1682లో పంతుళ్లతో కలిసి అద్దె ఇంటికి మారాడు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. 'దేవుణ్ని నమ్ముకోండి, రేపటి సంగతి ఆయన చూసుకుంటాడు' అని ఆయన ధైర్యం చెబుతుంటే పంతుళ్లు తిరగబడ్డారు. మీకేమండీ, కానన్ ఆదాయముంది, ఆస్తి ఉంది, బడి మూతపడితే వీధిన పడేది మేమే అన్నారు. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. 1683లో కానన్ పదవి వదులుకున్నాడు. 1684-85 చలికాలంలో కరువొస్తే ఆస్తి అమ్మి ఊరి పేదలకు రొట్టెలు పంచాడు. తన బళ్లకు మూలధనంగా దాచుకోవచ్చుగా అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆయన వినలేదు. ఇక మీ బతుకూ నా బతుకూ ఒకటే అని పంతుళ్లతో అనగలిగే స్థితికి వచ్చాకే వాళ్లు 'బ్రదర్లు' అయ్యారు.

వాళ్ల బట్టలు కూడా ఆ రోజుల్లోనే ఖరారయ్యాయి. ఇనుప కొక్కేలతో బిగించిన నల్లటి ముతక అంగీ, మెడకింద తెల్లటి పట్టీ, మందపాటి బూట్లు. దాని మీద షాంపేన్ ప్రాంతపు పల్లెటూరివాళ్లు వేసుకునే పెద్ద కోటు. దాని చేతులు తొడుక్కోకుండా భుజాల మీదినుంచి ఖాళీగా వేలాడేవి. ఇంకేం, వీధిలో పిల్లలు 'నాలుగు చేతుల బ్రదర్లు' అని వెంటపడ్డారు. మన దగ్గర నాలుగు చేతులుంటే దేవుడి లెక్క, ఫ్రాన్సు వీధుల్లో అది వెక్కిరింత. ప్యారిస్‌లో విచారణ గురువు ఒకాయన ఇదేం వేషం, మర్యాదగా గురువుల అంగీ వేసుకోండన్నాడు. దాని మీద లసాల్ ఓ వాదనాపత్రమే రాశాడు. సారాంశం ఇదీ: మావాళ్లు గురువులు కారు, మామూలు గృహస్థులూ కారు, వాళ్ల బట్టలు ఆ సంగతి చెప్పాలి.

గురువులు కారన్న మాట మీద మొదట్లో ఆయనకూ గురి కుదరలేదు. ఆన్రీ లెరో అనే చురుకైన బ్రదర్‌ను తన తర్వాత పెద్దగా నిలపాలని గురుపట్టానికి చదివించాడు. 1690లో లసాల్ ఊరెళ్లి తిరిగొచ్చేసరికి ఆ కుర్రాడు జబ్బు చేసి చనిపోయాడు. లసాల్ దాన్ని హెచ్చరికగా తీసుకున్నాడు. ఇక ఏ బ్రదరూ గురువు కాకూడదు, ఏ గురువూ బ్రదర్లలో చేరకూడదు. అంతటితో ఊరుకోలేదు. లాటిన్ నేర్చుకోకూడదన్నాడు. వచ్చినవాళ్లు రానట్టే మసలాలన్నాడు. లాటిన్ వస్తే గుడిలో పాటకు రమ్మంటారు, పై చదువులకు పొమ్మంటారు, బల్లల ముందు నిలబడేవాడు మిగలడు. నిచ్చెన ఉంటే ఎక్కబుద్ధవుతుంది. అందుకని ఆయన నిచ్చెననే తీసేశాడు.

ఆ నియమంలోని కఠినత్వం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భాష నేర్చుకోవద్దని పంతులుకు చెప్పడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. మరో వైపు, మన ప్రాథమిక బడుల గతి చూస్తే ఆ ముసలాయన ఎక్కడ దెబ్బ కొట్టాలో అక్కడే కొట్టాడనీ అనిపిస్తుంది. ఒకటో తరగతి చెప్పేవాడు రెండేళ్లకు హైస్కూలు, ఆపైన జూనియర్ కాలేజీ, వీలైతే ఎంఈఓ ఆఫీసు అనుకుంటాడు. ఒకటో తరగతే గమ్యమనుకునే మనిషిని తయారుచేయడం మూడు శతాబ్దాల కిందట ఒకరికి సాధ్యమైంది.

లాటిన్ వద్దనడానికి ఇంకో ముఖం కూడా ఉంది. అప్పటి బళ్లలో పిల్లవాడు మొదట లాటిన్‌లోనే కూడబలుక్కోవాలి, అర్థమయ్యే భాష ఆ తర్వాతే. లసాల్ దీన్ని తిరగేశాడు. ముందు ఫ్రెంచి చదవనివ్వండి, పేదవాడి కొడుకు ఎక్కువ రోజులు బళ్లో ఉండడు, ఉన్న రోజుల్లో వాడి భాషలో చదవడం వస్తే చాలని షార్త్ర్ పీఠాధిపతితో వాదించాడు. మాతృభాషలో బోధన గురించి మనం ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాం.

'బడుల నిర్వహణ' పుస్తకాన్ని తెరిస్తే వదలబుద్ధి కాదు. దాని రెండో అధ్యాయమే పిల్లల ఫలహారం గురించి. పొద్దున రొట్టె, సాయంత్రం చిరుతిండి బళ్లోనే తినాలి. ఒద్దికగా తినడం నేర్పాలని ఒక కారణం. గదిలో ఓ బుట్ట పెట్టేవారు. రొట్టె మిగిలినవాళ్లు, ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు అందులో వేస్తే ఏమీ తెచ్చుకోలేని పిల్లలకు పంచేవారు. బడి పని సగం పిల్లల చేతుల మీదుగానే సాగేది. గంట కొట్టేవాడొకడు, తాళంచెవి దగ్గరుంచుకునేవాడొకడు, కాగితాలు పంచేవాడు, ఊడ్చేవాళ్లు. అందరికన్నా ముచ్చటైన ఉద్యోగం గైర్హాజరైనవాళ్ల ఇళ్లకు వెళ్లొచ్చే కుర్రాడిది. బడికి రానివాడి ఇంటి తలుపు తట్టి ఎందుకు రాలేదో కనుక్కుని వచ్చి చెప్పాలి. పిల్లలు బడి ఎందుకు ఎగ్గొడతారన్న దానికి ఆ పుస్తకం చెప్పే కారణాల్లో ఒకటి, పంతులు మీద వాళ్లకు ఇష్టం లేకపోవడం. ఆ తప్పును అది పంతులు ఖాతాలోనే వేస్తుంది.

దెబ్బల సంగతీ ఉంది. రెండు తోలుముక్కలు కలిపి కుట్టిన పట్టీతో అరచేతి మీద కొట్టేవారు. అదీ ఎడమ అరచేతి మీదే. రాసే చేయి పాడవకూడదు. ఒకటి, మహా అయితే రెండు. కొట్టడాన్ని మానేయమనలేదు గానీ, కొట్టేవాడికి పగ్గం వేశారు. ఏడాది చివర ప్రతి పిల్లవాడి గుణగణాలు రాసి పై తరగతి పంతులుకు అందించాలి. మార్కులు కాదు, స్వభావం.

మన వైపు బళ్లు అప్పుడెలా ఉండేవో చూడాలంటే బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక ఉంది. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఆయనే. తెలుగు, కన్నడ బళ్లు కలగలిసిన ఆ జిల్లాలో 533 బళ్లు లెక్కగట్టాడు. పొద్దున ఆరింటికి బడి. మొట్టమొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెత్తగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపై వచ్చేకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. ఆఖరున వచ్చేవాడి పాట్లు ఊహించుకోవాల్సిందే. రాన్స్‌లోనూ బళ్లారిలోనూ అరచేయే పద్దుపుస్తకం.

తేడా ఒకటుంది. వీధిబడిలో పంతులు ముందు ఒక్కొక్కడూ వేర్వేరుగా పాఠం అప్పజెప్పేవాడు, చిన్నవాళ్లను పెద్ద పిల్లలు చూసుకునేవారు. లసాల్ బడిలో ఒకే పాఠం చదివేవాళ్లందరి చేతుల్లోనూ ఒకే పుస్తకం. ఒకడు పైకి చదువుతుంటే మిగతావాళ్లు కళ్లతో అనుసరించాలి. అందుకే ఆ టక్కుమనే చెక్క. ఈ పద్ధతిని కనిపెట్టింది లసాల్ అనలేం గానీ, ఊరూరా పాకించిన ఘనత ఆయన బ్రదర్లదే. ఇక్కడ మనవాళ్లకు ఓ మూల చోటుంది. మద్రాసులో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం చూసిన ఆండ్రూ బెల్ 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ఆ 'మద్రాసు పద్ధతి' ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు చేరి, 1815 తర్వాత అక్కడ బ్రదర్ల పద్ధతితో ఢీకొంది. మన వీధిబడి పోలిక ఒక వైపు, నాలుగు చేతుల బ్రదర్ల చెక్కముక్క ఒక వైపు. చివరికి నెగ్గింది బ్రదర్లే. ఇవాళ తరగతి మొత్తం ఒకేసారి పద్నాలుగో పుట తెరుస్తోందంటే ఆ గెలుపు ఫలితమే.

ఫీజు లేకుండా చదువు చెబితే అందరూ సంతోషిస్తారనుకుంటే పొరపాటు. ప్యారిస్‌లో చేతిరాత నేర్పే అయ్యవార్లకు ఓ సంఘం ఉండేది, రాత నేర్పే హక్కు తమదేనని వాళ్ల పట్టు. ధర్మబడి అన్నారు కదా, మరి ఇందులో కలిగినవాళ్ల పిల్లలెందుకున్నారని దావాలు వేశారు. 1704లో బళ్ల మీద పడి సామాను పట్టుకుపోయారు. ఫీజు పుచ్చుకోనందుకు కోర్టుకెక్కాల్సివచ్చిన బడి యాజమాన్యం ఇంకోటి చూపించడం కష్టం.

తర్వాతి కాలంలో వచ్చిన విమర్శ ఇంకా వింతది. 1763లో బ్రిటనీ ప్రాంతపు ప్రాసిక్యూటరు లా షాలొటే, చిత్రికా ఆకురాయీ పట్టాల్సినవాళ్లకు ఈ బ్రదర్లు చదువూ రాతా నేర్పి చెడగొడుతున్నారని రాశాడు. జ్ఞానోదయ యుగానికి పెద్ద దిక్కయిన వోల్టేర్ దానికి మురిసిపోయి, నా పొలంలో నాగళ్లకు కట్టడానికి ఆ బ్రదర్లను కొందరిని పంపించమని జవాబు రాశాడు. పేదలకు చదువెందుకన్న మాట మతఛాందసుల నోటినుంచే వస్తుందనుకునేవాళ్లు ఈ ఉత్తరాన్ని గుర్తుంచుకోవాలి.

లోపలి కష్టాలు మరోరకం. 1691లో అంతా కూలిపోయేట్టుంటే లసాల్, ఇద్దరు బ్రదర్లు రహస్యంగా ఓ వ్రతం పట్టారు. మిగిలింది మనం ముగ్గురమే అయినా, అడుక్కుని వట్టి రొట్టెతో బతకాల్సి వచ్చినా ఈ పని వదలమని. ఆ ఇద్దరిలో ఒకడైన నికొలా వుయార్, తన పేరిట ఎవరో రాసిచ్చిన ఆస్తి చూసుకుని కొన్నేళ్లకు విడిపోయాడు. రెండోవాడు గాబ్రియెల్ ద్రోలిన్. 1702లో లసాల్ అతణ్ని రోముకు పంపాడు, పోప్ దగ్గర బ్రదర్లకు కాస్త చోటు సంపాదించమని. వెంట వెళ్లిన తోడబుట్టినవాడు త్వరలోనే తిరిగొచ్చేశాడు. ద్రోలిన్ మిగిలాడు. తెలియని ఊరు, చేతిలో డబ్బు లేదు. ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పుకుని నెట్టుకొచ్చి, ఏళ్ల తర్వాత పోప్ బళ్లలో ఒకదాన్ని చేతికి తెచ్చుకున్నాడు. బ్రదర్లు ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదన్నది వాళ్ల నియమం. ద్రోలిన్ 26 ఏళ్లు ఒంటరిగా ఉన్నాడు. లసాల్ రాసిన ఉత్తరాలు దాచుకున్నాడు, ఆయన్ను మాత్రం మళ్లీ చూడలేదు. 1728లో వెనక్కి పిలిచేనాటికి లసాల్ పోయి తొమ్మిదేళ్లు. 1725లోనే పోప్ గుర్తింపు వచ్చేసింది.

లసాల్ కూడా ఓసారి పారిపోయినంత పనిచేశాడు. కేసులు, నిందలతో విసిగి 1712లో దక్షిణాదికి వెళ్లిపోయాడు. గ్రెనోబుల్‌లో ఓ బ్రదర్ లేనప్పుడు ఆయన స్థానంలో చిన్నపిల్లల తరగతి తీసుకున్నాడు. 1714 ఏప్రిల్ 1న ప్యారిస్ చుట్టుపక్కల బ్రదర్లు ఆయనకు ఉత్తరం రాశారు. మీరు మాకు విధేయత వ్రతం చేశారు, ఆ వ్రతం మీద ఆజ్ఞాపిస్తున్నాం, వెనక్కి రండి. ఆయన వచ్చాడు. వస్తూనే, వచ్చాను, నేనేం చేయాలో చెప్పండి అన్నాడట. గురువూ, డాక్టరూ, ఒకప్పటి కానన్ అయిన ఆయన, గురుపట్టం లేని పంతుళ్ల మాటకు తలవంచాడు. 1719 ఏప్రిల్ 7న, శుభశుక్రవారం నాడు, రూయెన్‌లో కన్నుమూశాడు.

ఆ తర్వాతి డెబ్భై ఏళ్లు నిలకడగా పెరిగారన్నంతవరకే చెప్పుకోవచ్చు. ఫ్రెంచి విప్లవం వచ్చింది, 1792లో సంఘం రద్దయింది. కొత్త ప్రభుత్వం అడిగిన ప్రమాణం చేయనన్నందుకు సొలొమొన్ లెక్లెర్క్ అనే బ్రదర్‌ను సెప్టెంబరు ఊచకోతలో చంపారు. నెపోలియన్‌కు పంతుళ్లు కావాల్సివచ్చి మళ్లీ రానిచ్చాడు.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ చెట్టుకు పిలకలు లేచాయి. ఐర్లండులో ఎడ్మండ్ రైస్ అనే వర్తకుడు భార్య పోయాక, 1802లో వాటర్‌ఫర్డ్‌లో గుర్రపుసాలలో బడి పెట్టాడు. పిల్లలకు రొట్టె కాల్చే పొయ్యి, బట్టలు కుట్టే దర్జీ గది కూడా బడిలో భాగమే. ఫ్రాన్సులో మార్సెలిన్ షంపాన్యా 1817లో మారిస్ట్ బ్రదర్లను మొదలుపెట్టాడు. చిన్నప్పుడు బడికెళ్లిన మొదటి రోజే పంతులు ఇంకో పిల్లవాణ్ని కొట్టడం చూసి ఇక వెళ్లనని ఇంటికొచ్చేసిన మనిషి ఆయన. ఇక మన తెలుగువాళ్లకు దగ్గరివాళ్లు మాన్‌ఫోర్ట్ బ్రదర్లు. లూయీ మరీ ద మాన్‌ఫోర్ట్ వేసిన విత్తనం, 1821 నుంచి గాబ్రియెల్ దెషాయ్ పెంచిన మొక్క. దెషాయ్ పేరులోని దేవదూత మీదే 'సెయింట్ గాబ్రియెల్ బ్రదర్లు' అయ్యారు. బధిరుల చదువు మీద ఆయనకు ప్రత్యేక మక్కువ, ఆ అలవాటు వాళ్లకు ఇప్పటికీ ఉంది.

వీళ్లు మన వైపు రావడానికి ఫ్రెంచి రాజకీయాలే కారణం. మతసంఘాల బళ్ల మీద అక్కడి ప్రభుత్వం కత్తి దూసింది. 1904 చట్టంతో చదువు చెప్పడమే నిషేధమైంది. వేలమంది బ్రదర్లు దేశం విడిచారు. ఆ గాలివాటులోనే, ఆ చట్టం రాకముందే 1903లో గాబ్రియెల్ బ్రదర్లు తమిళనాట తిండివనంలో దిగారు. అక్కణ్నుంచి ఏర్కాడు, ఆనక మన హైదరాబాదు. అబిడ్స్‌లో లిటిల్ ఫ్లవర్, హైదర్‌గూడలో సెయింట్ పాల్స్, 1855లో పుట్టిన గన్‌ఫౌండ్రీ ఆల్ సెయింట్స్, రైల్వే ఊరు కాజీపేటలో సెయింట్ గాబ్రియెల్స్ వీళ్ల చేతుల మీదుగా నడిచినవే. లసాల్ బ్రదర్లు అంతకన్నా ముందే రంగం (రంగూన్) చేరి సెయింట్ పాల్స్ పెట్టారు. మన కోరంగి కూలీలు ఓడ దిగిన ఊరే అది.

అందరికీ తరగతిని అదుపు చేయడం రాదు. బెల్జియంలో ఓ కమ్మరి కొడుకు బ్రదర్ ముత్యాన్ మరీగా చేరి 1859లో మలోన్ బడికి వచ్చాడు. పిల్లలు అతణ్ని ఓ ఆటాడుకున్నారు. గది గోలగోల. పనికిరాడని పంపేయబోయారు. ఒక సీనియర్ బ్రదర్ అడ్డుపడి తన కింద ఉంచుకుని సంగీతం, చిత్రలేఖనం నేర్పించాడు. ముత్యాన్ మరీ 1917లో చనిపోయేదాకా అదే బళ్లో హార్మోనియం, బొమ్మలు నేర్పుతూ ఉండిపోయాడు. 1989లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. సిగ్నల్ చేతికిచ్చినా క్లాసు నిలుపుకోలేని పంతులు కూడా పునీతుల జాబితాలో ఉన్నాడంటే మన టీచర్లలో కొందరికైనా ఊరట. ఇంకోవైపు కాలిఫోర్నియాలో బ్రదర్ తిమోతి ఉన్నాడు, కెమిస్ట్రీ పంతులు. 1935లో నాపా లోయలో బ్రదర్ల ద్రాక్షతోటకు పంపితే ఆ దేశంలోనే పేరున్న ద్రాక్షసారా నిపుణుడయ్యాడు. సీసా బిరడా తీసే మరలు సేకరించేవాడు. ఆ సారా లాభాలతో బళ్లు నడిచాయి.

మంచి మాత్రమే చెబితే కథ అబద్ధమవుతుంది. ఐర్లండులో రైస్ వారసులైన క్రిస్టియన్ బ్రదర్లు నడిపిన పారిశ్రామిక బళ్లలో పిల్లల మీద జరిగిన హింస, లైంగిక దాడుల చిట్టాను అక్కడి విచారణ సంఘం 2009లో బయటపెట్టింది. ఎడమ అరచేతి మీద ఒక్క దెబ్బ అన్న లసాల్ పగ్గం అక్కడ ఏనాడో తెగిపోయింది. పెళ్లాంపిల్లలు లేని మగవాళ్ల ఇల్లు, ప్రశ్నించే నాథుడు లేని పేదపిల్లలు, నాలుగు గోడలు. అది ఎటు తిరిగిందో తెలిశాక బ్రదర్ జీవితం గురించి అమాయకంగా రాయడం కుదరదు.

లాటిన్ నిషేధం 1923లో పోయింది. అమెరికాలో కాలేజీలు నడపాలంటే లాటిన్ కావాలని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాక, పోప్ పదకొండో పియూస్ చెప్పి ఎత్తేయించాడు. తీసేసిన నిచ్చెన మళ్లీ వచ్చింది. కాలేజీలొచ్చాయి, విశ్వవిద్యాలయాలొచ్చాయి, ప్రిన్సిపాల్ గదులొచ్చాయి. 1950లో లసాల్‌ను ఉపాధ్యాయులందరికీ పాలక పునీతుడిగా ప్రకటించారు. 1960ల మధ్యలో ఆయన బ్రదర్లు 16 వేలు దాటారు. ఇప్పుడు మూడు వేలకు అటూఇటూ. బళ్లు మాత్రం తగ్గలేదు, దాదాపు 80 దేశాల్లో నడుస్తున్నాయి. చదువు చెప్పేవాళ్లలో అత్యధికులు జీతానికి పనిచేసే గృహస్థులు. నీల్ కూడా గృహస్థే కాబట్టి కథ మొదటికి వచ్చిందనీ అనొచ్చు. కానీ ఒకటో తరగతి గదినే తన ఊరూ ఇల్లూ చేసుకున్న మనిషి అరుదైపోయాడు. ఆ లోటును ఏ జీతపు స్కేలూ పూడ్చలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇంకో చిన్న సంగతి. సంఘంలో చేరిన బ్రదర్ ఇంటిపేరు, సొంతపేరు రెండూ వదిలేసి కొత్త పేరు తీసుకోవడం చాలాకాలం నడిచింది. పిల్లల్లేరు, మనవల్లేరు. అంచేత వాళ్ల ఆనవాళ్లు మిగిలితే పాత విద్యార్థుల ఇళ్లలోనే మిగలాలి. మీరు బ్రదర్ల బళ్లో చదువుకున్నవాళ్లయితే పదో తరగతి గ్రూపు ఫొటో ఓసారి బయటికి తీయండి. మధ్య కుర్చీలో తెల్లంగీ వేసుకుని కూర్చున్న ఆయన పేరు గుర్తుంటే వెనక రాసిపెట్టండి. ఇదివరకే ఎవరైనా 'ఫాదర్' అని రాసి ఉంటే కొట్టేసి 'బ్రదర్' అని దిద్దండి.